అవిలా తెరెసా: ప్రార్థనలో పెనుగులాట

అవిలా తెరెసా (1515–1582) స్పెయిన్‌కు చెందిన కార్మెల్ సభ సన్యాసిని, కతోలిక పునీతురాలు. ప్రార్థన గురించి రాసినవారిలో ఆమెది మొదటి వరుస. అయినా ఆమెకు ప్రార్థన దాదాపు 18 ఏళ్లు పెనుగులాటే. మఠానికి వచ్చిపోయేవారితో కబుర్లపై మమకారం, అనారోగ్యం, తాను అయోగ్యురాలినన్న సిగ్గు వెనక్కి లాగేవి. ఏడాదికి పైగా మౌన ప్రార్థన మానేసి, అదే వినయమని సరిపెట్టుకుంది. 1543లో తండ్రి మరణించాక, ఆయన పాపసంకీర్తనం వినే దొమినికన్ గురువు ఆమెను తిరిగి ప్రార్థనకు మళ్లించారు. మళ్లినా సుఖం లేదు: గంట ఎప్పుడు కొడతారా అని చెవి ఒగ్గి కూర్చునేదాన్నని ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పింది. పునీతుల చరిత్రల్లో ఇలాంటి మాట అరుదు. 1554 ప్రాంతంలో, గాయాలతో ఉన్న క్రీస్తు ప్రతిమ ముందు కన్నీరు కార్చాక మార్పు నిలబడింది. 1970లో శ్రీసభ పండితురాలిగా ప్రకటితమైన తొలి మహిళ ఆమె.