సర్వే నంబర్లకు అందని ఊళ్లు

హైటెక్ సిటీ కథ చెప్పమంటే చాలామంది 1998 నవంబరు 22తో మొదలుపెడతారు. ఆ రోజు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అంతకుముందు అక్కడ రాళ్లూ రప్పలూ తప్ప ఏముందనేది ఆ వెంటనే వినిపించే మాట. నిజానికి మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, ఖానామెట్, గుట్టల బేగంపేట, రాయదుర్గం, ఖాజాగూడ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట అప్పటికే ఊళ్లు. చెరువో కుంటో, పోచమ్మ గుడో, సర్కారు బడో ఉన్న ఊళ్లు. వాటికి లేనిదల్లా తమ చరిత్ర రాసిపెట్టే మనిషి.

ఊరి చరిత్ర రాయడమనే పని

చిన్న ఊళ్ల చరిత్రను ఇంగ్లండు చాలా పట్టింపుగా రాసుకుంది. కౌంటీల వారీగా, పారిష్‌ల వారీగా చరిత్ర రాసే విక్టోరియా కౌంటీ హిస్టరీ 1899లో మొదలై ఇప్పటికీ సాగుతోంది. 1948లో లెస్టర్‌లో స్థానిక చరిత్రకే ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టారు. దాన్ని నడిపిన డబ్ల్యూ.జి. హాస్కిన్స్ 1955లో వెలువరించిన పుస్తకం, పొలం గట్లనూ డొంకదారులనూ కూడా చారిత్రక ఆధారాలుగా చదవచ్చని చూపింది. మరోవైపు బాల్య జ్ఞాపకాలు వచ్చాయి. ఫ్లోరా థాంప్సన్ ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెను, లారీ లీ గ్లాస్టర్‌షైర్‌లోని స్లాడ్ లోయను అక్షరాల్లో నిలిపారు. వీళ్లందరికంటే ముందు జాన్ క్లేర్ ఉన్నాడు. అతని సొంతూరు హెల్ప్‌స్టన్‌లో ఉమ్మడి బీళ్లకు కంచెలు వేసుకునేందుకు 1809లో పార్లమెంటు చట్టం చేసింది. చిన్నప్పుడు తిరిగిన బీడు కళ్లముందే పరాయిదైపోతుంటే ఆ కూలివాడి కొడుకు దాన్ని కవిత్వం చేశాడు.

తెలుగునాట కూడా ఈ పనికి లోటు లేదు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరికి ఆ పేరెలా వచ్చిందనే సంగతులు కరణాల నోట విని రాసుకున్నారు. బాల్యపు ఊళ్లకు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి నుంచి నామిని, ఖదీర్‌బాబుల దాకా పెద్ద వరసే ఉంది. కైఫీయతులు మాత్రం ఎక్కువగా కంపెనీ ఏలుబడిలోని జిల్లాలవి. గోల్కొండ పడమటి ఊళ్లు నిజాం పాలనలో ఉన్నాయి. 1920ల్లో హైదరాబాదులో పుట్టిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను వెతికి అచ్చువేసింది. శాసనం వేయించుకునేంత భాగ్యం లేని పల్లెల సంగతి అందులోకీ రాలేదు.

కోట వెనుక పెరడు

ఈ నేల వయసు రాళ్లు చెబుతాయి. ఖాజాగూడ గుట్టల్లో కనిపించే గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇనుపయుగపు బృహత్ శిలా సమాధులు బయటపడ్డాయి. అంటే ఐటీ కంపెనీలు రావడానికి వేల ఏళ్ల ముందే ఇక్కడ మనుషులు తమవాళ్లను పాతిపెట్టి గుర్తుగా రాళ్లు నిలిపారు.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ ప్రాంతం గోల్కొండకు పెరడు. రాయదుర్గం, మాదాపూర్‌ల నడుమ గుట్టల చాటున ఉన్న దుర్గం చెరువు నుంచి కోటకు మంచినీళ్లు వెళ్లేవి. హుస్సేన్‌సాగర్ నిర్మాణాన్ని దగ్గరుండి చూసుకున్న హుస్సేన్ షావలీ దర్గా మణికొండ వైపే ఉంది. ఆసఫ్‌జాహీల నాటికి ఈ చుట్టుపక్కల నేల జాగీర్లుగా, పాయిగా ఇలాకాలుగా, నిజాం సొంత సర్ఫెఖాస్‌గా పంచుకుపోయింది. సాగుచేసేవాడు ఒకడు, శిస్తు తినేవాడు ఇంకొకడు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలుమార్గం పడి, లింగంపల్లి, హఫీజ్‌పేటల మీదుగా సాగింది. 1908 మూసీ వరద తర్వాత గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ కట్టారు. 1920లో అది పూర్తయ్యాక, కోకాపేట, పుప్పాలగూడ, మణికొండల మీదుగా ఆసిఫ్‌నగర్‌కు నీటి కాలువ నడిచింది. నగరపు రైలూ నగరపు నీళ్లూ ఈ ఊళ్ల మీదుగానే పోయాయి. ఊళ్లు మాత్రం జొన్నచేలతో, మోటబావులతో, ఈతవనాలతో తమ లెక్కన తాము బతికాయి.

కాగితం ఎక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు

1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసింది. మరుసటేడు ఆగస్టులో జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. తర్వాత ఊరూరా పొలాల లెక్క తేల్చి 1954-55లో ఖాస్రా పహాణీ తయారుచేశారు. తెలంగాణలో భూమి గొడవ ఏది కోర్టుకెక్కినా వకీళ్లు మొదట తెరిచే కాగితం అదే. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, కాస్తుదారు, ఏం పండుతుందీ అన్నీ అందులో ఉంటాయి. ఒక రకంగా ఈ ఊళ్లకు దొరికిన కైఫీయతు అదే.

ఆ కైఫీయతుకు పట్టా ఉన్నవాడే మనిషి. గుట్టమీద గొర్రెలు మేపిన కురుమ, బండలు కొట్టిన వడ్డెర, ఈతచెట్లెక్కిన గౌండ్ల, సీజన్‌లో సీతాఫలాలు ఏరి గంపకెత్తుకుని నగరంలో అమ్మివచ్చిన ఆడమనిషి ఏ కాలమ్‌లోనూ కనిపించరు. వాళ్లు బతికిన నేలను సర్కారీ అనో, గైరాన్ అనో, కంచ అనో, పోరంబోకు అనో రాశారు. వాడుకునేవాళ్లు వందమంది ఉన్నా కాగితం మీద అది ఎవరిదీ కాదు.

పిల్లల లోకం కూడా సరిగ్గా ఆ నేలే. పట్టా పొలంలో పిల్లలకు పనే తప్ప ఆట ఉండదు. పైరులో అడుగుపెడితే తిట్లు పడతాయి. చిర్రగోనె ఆడింది బీట్లో, ఈత నేర్చుకుంది కుంటలో, దోరకాయలు తెంపి బియ్యంలో మగ్గేసింది గుట్టమీది సీతాఫలం చెట్లవి. బతుకమ్మకు తంగేడు, గునుగు కోసుకొచ్చింది కంచలోంచి. బోనాలు మైసమ్మ దగ్గరికి కదిలింది చెరువుకట్ట మీదుగా. పీరీలు లేస్తే గుండం చుట్టూ ఆడింది ఊరుమ్మడి జాగాలో. నగరం పడమటి ఊళ్లలో 1970లు, 80ల్లో పెరిగినవాళ్లను మాట్లాడిస్తే ఇళ్లకంటే ముందు ఈ జాగాలే పేరుపేరునా వస్తాయి. పహాణీలో లేని నేలకు వాళ్ల చిన్నతనమే దస్తావేజు.

యూనివర్సిటీ నుంచి టవర్ల దాకా

మార్పు ఒక్కరోజులో రాలేదు. 1960ల్లో లింగంపల్లికి అవతల రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం లేచింది. చుట్టుపక్కల పల్లెలు నెలజీతం అనే మాట దగ్గర నుంచి విన్నది అప్పుడే. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై, తర్వాత గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాల ఆవరణకు తరలింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊళ్లు అందులో చేరాయి. పట్టణ భూపరిమితి చట్టం, హౌసింగ్ సొసైటీలు, ప్లాట్ల వ్యాపారం వరసగా వచ్చాయి. ఎకరాలు గజాలయ్యాయి.

1990ల చివర వేగం పెరిగింది. ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టిన సైబర్ టవర్స్ లేచిన 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది. 2001లో ఐఎస్‌బీ వచ్చింది. అదే ఏడాది సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడి, సుమారు 52 చదరపు కిలోమీటర్లను ఒక్క ప్రణాళిక కిందికి తెచ్చింది. 2002 జాతీయ క్రీడలకు గచ్చిబౌలిలో స్టేడియం లేచింది. 2003లో ఎంఎంటీఎస్ రైలు హైటెక్ సిటీ అనే స్టేషన్‌లో ఆగడం మొదలుపెట్టింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసిపోయింది. మరుసటేడు గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగ్ రోడ్డు తెరుచుకుంది. 2019లో మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిగింది.

ఇంత వేగంగా ఇన్ని ఎకరాలు ఎలా దొరికాయన్న ప్రశ్నకు జవాబు చాలావరకు పాత రికార్డులోనే ఉంది. పట్టా భూమి తీసుకోవాలంటే నోటీసు, పరిహారం, కోర్టు తప్పవు. సర్కారీ అని రాసి ఉన్న గుట్టలూ కంచలూ చేతులు మారడానికి అంత తతంగం అక్కర్లేదు. పిల్లలు ఆడుకున్న నేలే అందరికంటే ముందు పోవడానికి కారణం ఇదే.

పట్టా ఉన్నవాళ్ల కథ కూడా అందరిదీ ఒకటి కాదు. ముందే అమ్ముకున్నవాళ్లు తమ చేను మీద లేచిన అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లిన సంగతులున్నాయి. ఆగినవాళ్లు కోటీశ్వరులయ్యారు. మాదాపూర్, గచ్చిబౌలి పాత ఊరి సందుల్లో పెంకుటిళ్లు పోయి నాలుగైదంతస్తుల హాస్టళ్లు లేచాయి. 2023లో కోకాపేటలో ఎకరం వేలంలో 100 కోట్ల రూపాయలు దాటింది. ధర ఆ స్థాయికి చేరాక ఊరి చరిత్ర అంటే యాజమాన్య వివాదమే అయింది. మణికొండ జాగీరులో 1,654 ఎకరాలు దర్గా వక్ఫు ఆస్తా, ప్రభుత్వానిదా అన్న వ్యాజ్యం 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు చెప్పేదాకా నడిచింది. గోల్కొండ పడమటి పల్లెల గురించి అన్నిటికంటే ఎక్కువ పేజీలు రాసినవాళ్లు బహుశా వకీళ్లే.

దాచినవీ, దక్కినవీ

పోయినదాని మీద పట్టింపు ఎవరికీ లేదనలేం. రాళ్లను పగలగొట్టడం చూసి తట్టుకోలేక 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. ఐఏఎస్ అధికారిగా పనిచేసి నగర చరిత్రకారుడైన నరేంద్ర లూథర్ దానికి పెద్దదిక్కుగా నిలిచారు. కొన్ని శిలా సముదాయాలకు వారసత్వ రక్షణ దొరికింది. మాదాపూర్‌లోనే, శిల్పారామంలో, పల్లె బతుకును నిలువెత్తు బొమ్మలతో చూపే గ్రామీణ మ్యూజియం ఉంది. కుమ్మరి సారె, మగ్గం, ఎడ్లబండి అన్నీ ఉన్న ఆ పల్లె మాత్రం ఏ ఊరూ కాదు. బయట నిలబడి చూస్తే కనిపించే ఖానామెట్, కొత్తగూడల కథ అందులో లేదు.

జ్ఞాపకానికి ఎంత విలువ ఉందో 2025లో తేలింది. కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లోని 400 ఎకరాలను 2004 ప్రాంతంలో ఒక క్రీడా సంస్థకు ఇచ్చి, 2006లో రద్దుచేశారు. ఆ రద్దుపై నడిచిన వ్యాజ్యం ముగిశాక, అక్కడ ఐటీ పార్కు తలపెట్టిన ప్రభుత్వం మార్చి చివర్లో బుల్డోజర్లు దింపింది. రికార్డుల్లో అది ఎన్నడూ అడవి కాదన్నది ప్రభుత్వ వాదన. జింకలు, నెమళ్లు, కుంటలు, పుట్టగొడుగు ఆకారపు బండ చూస్తూ తిరిగినవాళ్ల అనుభవం వేరేది చెప్పింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించి, నేలను కళ్లారా చూసి రమ్మని హైకోర్టు రిజిస్ట్రార్‌ను పంపింది. కాగితం మీద ఏమని రాసుందన్న ప్రశ్న పక్కన, నేల మీద ఏముందన్న ప్రశ్నకు కూడా చోటు దొరికింది.

ఈ రెండో ప్రశ్నకు సాక్ష్యం ఇవ్వగలవాళ్లు ఇంకా ఉన్నారు. 1980లో పదేళ్ల పిల్లలైనవాళ్లకు ఇప్పుడు యాభై అయిదు దాటాయి. ఏ గుట్టకు ఏ పేరు, ఏ కుంట నీళ్లు ఎటు పారేవి, మైసమ్మ మొదట ఎక్కడ ఉండేదో వాళ్లకు తెలుసు. వానాకాలం నీళ్లొచ్చి రోడ్లు మునిగే చోట ఇంజినీరు పాత పటాలు వెతుక్కుంటాడు. అక్కడ వాగు ఉండేదని ఊరి మనిషి వేలు పెట్టి చూపగలడు. బడుల పాత అడ్మిషన్ రిజిస్టర్లు, పంచాయతీ తీర్మానాల పుస్తకాలు, బోనాల చందా లెక్కలు, పెళ్లి ఫొటోల వెనుక కనిపించే గుట్టలు, పెద్దవాళ్ల గొంతు రికార్డింగులు కలిపితే ఊరికో కైఫీయతు తయారవుతుంది. ఆ పనికి కావలసిన విశ్వవిద్యాలయం ఈ ఊళ్ల నడుమే ఉంది, డబ్బున్న కంపెనీలూ ఉన్నాయి.

ఆ కైఫీయతులో కొత్తవాళ్లకూ పేజీ ఉండాలి. పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చి ఈ భవనాలు కట్టిన కూలీల పిల్లలు ఇక్కడి ఇసుక కుప్పల మీదే ఆడుకున్నారు. గేటెడ్ కమ్యూనిటీల్లో పుట్టిన ఐటీ ఉద్యోగుల పిల్లలకూ సొంతూరు ఇదే. పాతవాళ్ల గురించి రాయకపోవడం వల్ల జరిగిన నష్టం ఇప్పటికే తెలిసింది. అడ్డా మీది కూలీ కుటుంబం కూడా ఏ కాలమ్‌లోనూ చేరకుండా పోతే, పహాణీ రాసిన పట్వారీ చేసిన పొరపాటునే ఈసారి మనం తెలిసి చేసినట్టవుతుంది.