విక్టోరియా యుగపు ఇంగ్లండు గ్రామ పాఠశాల భవనము

విక్టోరియా రాణి పరిపాలించిన కాలమున (1837–1901) ఇంగ్లండు పల్లెలలో ప్రాథమిక విద్యకై వెలసిన భవనములలో అధిక భాగమును దూరమునుండి చూచినవారు చర్చి యని భ్రమించుట సహజము. నిటారుగా లేచిన ఏటవాలు కప్పు, దాని శిఖరమున చిన్న గంటగూడు, కొస వాడియైన కిటికీలు, రాతి గోడలో పొదిగిన నిర్మాణ సంవత్సరపు ఫలకము — ఇవన్నియు దేవాలయ లక్షణములే. పల్లెలో బడి కట్టించినది సాధారణముగా చర్చియో, చర్చికి విధేయుడైన భూస్వామియో అగుటచేత ఆ పోలిక యాదృచ్ఛికము కాదు.

ఈ భవనపు తొలి రూపమునకు మన దేశముతో సంబంధము కలదు. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, స్థానికపు వీథిబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, దానిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచే చిన్నవారికి పాఠము చెప్పించు విధానముగా పెంపొందించి, 1797లో లండనులో గ్రంథముగా ప్రకటించెను. 1811లో ఏర్పడిన చర్చివారి నేషనల్ సొసైటీ ఈ ‘మద్రాసు పద్ధతి’నే అవలంబించెను. ఒక్క ఉపాధ్యాయుడు బడి నంతటిని కనిపెట్టి చూడవలెను గనుక అడ్డుగోడలు లేని ఒకే విశాలమైన గది అవసరమయ్యెను. వ్రాతబల్లలు గోడలవైపు తిరిగి యుండగా, నడుమ ఖాళీ నేలపై తరగతులు చతురస్రములుగా నిలిచి పాఠము లప్పగించెడివి. ఇట్టి పద్ధతినే వేరుగా నడపిన జోసెఫ్ లాంకాస్టరు అనుయాయుల బడులలో మాత్రము బల్లలు గది నడుమ వరుసలు తీరి యుండెడివి.

1833లో పార్లమెంటు బడుల నిర్మాణమునకై 20,000 పౌనులు మంజూరు చేసినది. అయితే ఖర్చులో సగమైనను చందాలరూపమున ముందుగా పోగుకావలెనని నిబంధన పెట్టినది. దానివలన సహాయము చందా ఇయ్యగల స్థలములకే చేరెను. నిరుపేద పల్లె వెనుకబడెను. 1839లో నెలకొన్న ప్రభుత్వ విద్యాసంఘమునకు కార్యదర్శియైన కే-షటిల్‌వర్త్ మరుసటి యేడు నమూనా పటములను ప్రకటింపజేసెను. 1841 నాటి చట్టము భూస్వాములు ఒక ఎకరము వరకు స్థలమును బడికై ఇచ్చుటకు వీలు కల్పించెను. విలియం బటర్‌ఫీల్డ్ వంటి ప్రఖ్యాత వాస్తుశిల్పులు సైతము ఈ చిన్న పనులను చేపట్టిరి. యార్క్‌షైరులోని బాల్డర్స్‌బీ సెయింట్ జేమ్స్‌లో చర్చి, బడి, మతగురువు నివాసము, కూలీల కుటీరములు ఆయన ఒక్కనిచేతనే 1850లలో రూపొందినవి.

లోపలి సౌఖ్యము వెలుపలి సౌందర్యమునకు తగినది కాదనక తప్పదు. పిల్లల చూపు బయటికి పోకుండుటకై కిటికీల నెత్తుగా నుంచిరి. శీతకాలమున ఒకే పొయ్యి యుండుటచే దాని చెంతనున్నవారికి ఉడుకు, చివరి బల్లవారికి వణుకు. శిశువులకు మెట్లుమెట్లుగా లేచిన పీఠములు, బాలురకును బాలికలకును వేర్వేరు ద్వారములు ఉండెడివి. మరుగుదొడ్లు పెరటిలో నుండెడివి; డార్సెట్ మతగురువు హెన్రీ మౌల్ 1860లో పేటెంటు పొందిన పొడిమట్టి దొడ్డి పల్లెబడులకు మేలు చేసెను.

1862 నాటి సవరణ నియమావళి హాజరునుబట్టియు, చదువుట, వ్రాయుట, లెక్కలలో పరీక్షాఫలితములనుబట్టియు బడులకిచ్చు ప్రభుత్వపు గ్రాంటును నిర్ణయించెను. ఫలితములనుబట్టి గ్రాంటిచ్చు ఈ విధానము మద్రాసు రాజధానికిని వచ్చెను. అదే నియమావళి విద్యార్థి ఒక్కనికి 80 ఘనపుటడుగుల స్థలము కోరినది. కొలత ఘనపరిమాణమున నుండుటచే కప్పు ఎత్తును లెక్కకు వచ్చెడిది. నేల ఇరుకైనను కాగితముపై లోటు కనబడదు. 1870 చట్టముతో ఎన్నికైన స్కూలుబోర్డులు వచ్చినవి. 1880లో పదేండ్లవరకు హాజరు నిర్బంధమయ్యెను. 1891లో పిల్లలు చెల్లించు బడి రుసుము చాలవరకు రద్దయ్యెను. పిల్లలు పెరుగగా పాత గదికి ప్రక్కగదులు, మడతతెరలు చేర్చిరి.

1902 చట్టము బోర్డులను తొలగించి బడులను స్థానిక విద్యాధికారుల పర్యవేక్షణలోనికి తెచ్చెను. మూతపడిన భవనములలో కొన్ని నివాసగృహములు, కొన్ని గ్రామసభామందిరములు ఐనవి. నేటికిని బడిగా నడచుచున్నవియు కలవు. 1841 చట్టము క్రింద ఇచ్చిన స్థలము బడి ఎత్తివేయబడినపుడు దాత ఎస్టేటునకు తిరిగి చేరుట పెక్కుచోట్ల చిక్కులు తెచ్చుటచేత, 1987లో పార్లమెంటు దానికై ప్రత్యేక చట్టము చేసెను.