గోడ మీద చెయ్యి

పోయిన వేసవిలో మా ఎదురు ప్లాటులో సెల్లార్ తవ్వకం మొదలైంది. హైదరాబాదు నేల కదా, కాస్త తవ్వగానే బండ తగిలింది. ఇక రోజూ సాయంత్రం ఒక విజిలు, ఆ వెంటనే ఒక దెబ్బ. వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమనేవి. అమ్మ ప్రతిసారీ లేచి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి చూసేది, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. అది చూశాకే ఈ కంపనాల సంగతేమిటో చదవాలనిపించింది.

నేలలోకి పైలు దింపడానికి శతాబ్దాలుగా వాడుకలో ఉన్న పద్ధతి పైనుంచి బరువు వేసి కొట్టడం. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ నాస్మిత్ ఆ బరువుకి ఆవిరి శక్తి తగిలించాడు. పని వేగం పెరిగింది గానీ దెబ్బ దెబ్బగానే ఉండిపోయింది. ఆ దెబ్బలోని శక్తి అంతా పైలుతో ఆగదు. కొంత అలలుగా మారి, మట్టిలోంచి పక్కింటి పునాది దాకా పోతుంది.

దీన్ని కాలుష్యం అని పేరు పెట్టి పిలిచిన దేశం జపాను. 1967లో అక్కడ వచ్చిన కాలుష్య నియంత్రణ చట్టం గాలి, నీళ్ళు, చప్పుళ్ళతో పాటు కంపనాన్ని కూడా జాబితాలో చేర్చింది. అదే ఏడు కొచి నగరంలో అకియో కితమురా అనే ఆయన ఓ నిర్మాణ సంస్థ పెట్టాడు. నేలలో దిగిన పైలుని పీకడం ఎంత కష్టమో పైలింగు చేసేవాళ్ళకి తెలుసు. నేల దాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టునే వాడుకుంటే? ముందే దిగిన పైళ్ళని యంత్రం బిగించి పట్టుకుని, వాటి ఆసరాతో కొత్త పైలుని హైడ్రాలిక్ బలంతో నెమ్మదిగా నొక్కుతుంది. 1975లో వచ్చిన ఆ యంత్రం పేరు సైలెంట్ పైలర్. మరుసటి ఏడే జపాను కంపనాల మీద విడిగా చట్టం చేసి, నిర్మాణ స్థలం సరిహద్దు దగ్గర 75 డెసిబెళ్ళ హద్దు గీసింది.

ప్రోగ్రామరుగా నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. దెబ్బ చప్పుడు బయటికి రాకుండా మూత వెయ్యాలని చూడలేదు ఆయన. అసలు దెబ్బతో పని లేకుండా చేశాడు.

అయితే మెత్తటి మట్టికి కుదిరిన ఉపాయం మన నల్లరాతికి అంత తేలిగ్గా కుదరదు. ఇక్కడ దారులు వేరు. గుంతలన్నీ ఒకేసారి పేల్చకుండా మిల్లీసెకన్ల తేడాతో వరసగా పేల్చడం ఒకటి. రంధ్రాల్లో ఉబ్బే సున్నపు మిశ్రమం పోసి, బండ తనంతట తనే చీలేదాకా ఆగడం ఇంకొకటి. రెండోదానికి ఓపిక కావాలి, డబ్బు కూడా.

ఓ సాయంత్రం వెళ్ళి సైటు ఇంజినీరుని అడిగాను, కంపనాలు కొలిచే మీటరు పెట్టారా అని. ఆయన విసుక్కోలేదు. మా బిల్డింగు వైపు చూసి, "మీ సెల్లార్ తవ్వినప్పుడు పెట్టారా సార్?" అన్నాడు.

జవాబు లేక ఇంటికొచ్చేశాను. మా సెల్లారులో నా కారుంది. అది తవ్విన రోజుల్లో ఈ వీధిలో ఎవరెవరు లేచి వెళ్ళి గోడ తడిమి చూసుకున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు.