చల్లదనం తాళంచెవి ఎవరి చేతిలో?

మీ ఫ్రిజ్ లేబుల్ మీద ఆర్-600ఎ అని ఉంటే, అందులో తిరిగేది వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టమైన ఐసోబ్యూటేన్. కాస్త పాత ఫ్రిజ్ అయితే ఆర్-134ఎ, అంతకన్నా పాతదైతే ఆర్-12. ఈ మూడు పేర్ల వెనక పేటెంట్ల చరిత్ర ఒకటి ఉంది. భూమికి మేలు చేసే పరిజ్ఞానం ఎవరికి ఎప్పుడు అందాలో చాలావరకు నిర్ణయించింది అదే.

1920ల్లో ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. లీకైతే ప్రాణాలు పోయేవి. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం మంట అంటుకోని, విషం కాని సీఎఫ్‌సీ వాయువులను ముందుకు తెచ్చింది. ఆర్-12 వాటిలో ఒకటి. 1930లో జనరల్ మోటార్స్, డ్యూపాంట్ కలిసి పెట్టిన సంస్థ వాటిని ఫ్రియాన్ పేరుతో అమ్మింది. పేటెంట్ల గడువు తీరాక ఆ తయారీ ప్రపంచమంతటికీ, మన దేశానికీ విస్తరించింది.

ఈ వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడింది. వీటి వాడకాన్ని తగ్గించేందుకు 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. సీఎఫ్‌సీలకు బదులుగా ముందుకొచ్చిన హెచ్‌ఎఫ్‌సీ-134ఎ (లేబుల్ మీది ఆర్-134ఎ) తయారీ పరిజ్ఞానం కొద్ది విదేశీ కంపెనీల పేటెంట్లలో, వ్యాపార రహస్యాల్లో ఉంది. అది అందే దారి చూపకుండా పాతది మానేయమంటే ఎలాగని భారత్, చైనా ఒప్పందానికి బయటే నిలబడ్డాయి. 1990లో లండన్ సమావేశం ఆ మాట విన్నది. పరిజ్ఞానాన్ని న్యాయమైన షరతులతో బదిలీ చేయాలన్న నిబంధనను చేర్చి, బహుపాక్షిక నిధిని ఏర్పాటు చేసింది. పేటెంట్లకు, రాయల్టీలకు అయ్యే అదనపు ఖర్చును కూడా ఆ నిధి నుంచి ఇవ్వవచ్చు. 1992లో భారత్ ఒప్పందంలో చేరింది.

డబ్బు ఒక్కటే సరిపోలేదు. 134ఎ పరిజ్ఞానం కోసం వెళ్లిన భారతీయ ఉత్పత్తిదారులను 2.5 కోట్ల డాలర్లు అడిగారు. అది కుదరకపోతే ఉమ్మడి సంస్థలో మెజారిటీ వాటా ఇవ్వాలి, లేదా ఎగుమతులపై ఆంక్షలకు ఒప్పుకోవాలి. ఇక్కడ మనకు అండగా నిలిచింది 1970 నాటి పేటెంట్ల చట్టం. రసాయనాల్లో అది తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది, పదార్థానికి ఇచ్చేది కాదు. మరో పద్ధతి కనిపెడితే అదే వాయువును చట్టబద్ధంగా తయారుచేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఆ పద్ధతుల మీద, వాటికి కావలసిన ఉత్ప్రేరకాల మీద పనిచేశారు. ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాల మేరకు 2005లో పదార్థ పేటెంట్లు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది.

అదే కాలంలో జర్మనీలో ఇంకో దారి తెరుచుకుంది. మూతపడబోతున్న ఒక తూర్పు జర్మనీ ఫ్రిజ్ కర్మాగారం గ్రీన్‌పీస్ చొరవతో ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమంతో నడిచే ఫ్రిజ్‌లను 1993లో మార్కెట్లోకి తెచ్చింది. పేరు గ్రీన్‌ఫ్రీజ్. ఆ పరిజ్ఞానాన్ని గ్రీన్‌పీస్ పేటెంటుతో కట్టేయకుండా అందరికీ వదిలేసింది. అది యూరప్ నుంచి చైనాకు, అక్కడి నుంచి మన వంటిళ్లకు చేరింది.

ఓజోన్‌ను కాపాడిన 134ఎ భూతాపానికి మాత్రం కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా చేటు చేస్తుంది. అందుకే 2016లో హెచ్‌ఎఫ్‌సీల తగ్గింపునకు మాంట్రియల్ ఒప్పందానికి కిగాలీ సవరణ వచ్చింది. కార్ల ఏసీల్లో వాటి స్థానంలోకి వచ్చిన హెచ్‌ఎఫ్‌ఓ-1234వైఎఫ్ చుట్టూ మళ్లీ పేటెంట్లే.

పేటెంటు లేనిదే ఏ కంపెనీ పరిశోధనకు ఖర్చు పెడుతుందన్న ప్రశ్నలో న్యాయముంది. కానీ పేటెంటు గడువు ఇరవై ఏళ్లు. కిగాలీ లెక్కన మనం హెచ్‌ఎఫ్‌సీల వాడకం పెరగకుండా ఆపాల్సింది 2028లో. ఈరోజు పేటెంటు అడిగిన వాయువు స్వేచ్ఛగా మన చేతికి వచ్చేసరికి ఆ ఏడాది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇంత తేడా ఉన్నప్పుడు, వాయువును మానాల్సిన తేదీ రాసిన ఒప్పందంలోనే తాళంచెవి ఖర్చు ఎవరు భరిస్తారో కూడా రాయాలి. 1990లో లండన్‌లో ఆ పని చేశారు, మళ్లీ చేయాలి.