మంచం పక్కన దువా: కర్నూలు, కడప ప్రాంతాల్లో ముస్లిం రోగుల ఆధ్యాత్మిక పరిచర్య - చారిత్రక పరిశీలన

ప్రవేశిక

రోగికి ధైర్యం చెప్పడానికి, ప్రార్థన చేయించడానికి, అంతిమ ఘడియల్లో తోడుగా నిలవడానికి ఆసుపత్రిలోనే నియమితుడైన ధార్మిక సేవకుణ్ణి చాప్లెయిన్ అంటారు. క్రైస్తవ సంప్రదాయంలో పుట్టిన ఈ పదవిలో నేడు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముస్లింలు కూడా పనిచేస్తున్నారు. వారి సేవలపై సోఫీ గిలియట్-రే బృందం రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. మన ప్రభుత్వ వైద్య వ్యవస్థలో అటువంటి పదవి లేదు. అయితే పదవి లేనంత మాత్రాన ఆ పని జరగలేదని భావించరాదు. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఆ బాధ్యతను ఎవరెవరు పంచుకున్నారో, ఆ పంపకంలో ఏ లోటు మిగిలిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

దారుష్షిఫా నుంచి దర్గా దాకా

తెలుగు నేలపై చికిత్స, ప్రార్థన పక్కపక్కన నిలిచిన సందర్భం ఒకటుంది. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదులో దారుష్షిఫా అనే యునానీ వైద్యశాలను కట్టించాడు. దాని చెంతనే మసీదు వెలసింది. రోగిని, హకీమును, ఇమామును ఒకే చోటికి చేర్చిన ఏర్పాటు అది. 1650లో మీర్ జుమ్లా గండికోటను జయించడంతో కడప సీమ కూడా గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. అయినా ఇక్కడి సామాన్య రోగికి ఆసరాగా నిలిచినవి ప్రధానంగా దర్గాలే.

కడపలోని అమీన్‌పీర్ దర్గాకు మతభేదం లేకుండా జనం వస్తారు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుణ్ణి ముస్లింలు దర్శించుకోవడం కూడా ఈ పట్టణపు ఆచారమే. దర్గాలో నిద్ర చేయడం, ఫాతెహా చదివించడం, తాయెత్తు కట్టించుకోవడం రాయలసీమ పల్లెలకు పరిచితమైన విషయాలు. వీటిని కేవలం మూఢాచారాలుగా కొట్టిపారేస్తే వాటి సామాజిక ప్రయోజనం మరుగున పడుతుంది. రోగి గోడును తొందర లేకుండా వినే మనిషి అక్కడ ఉంటాడు. హైదరాబాదులోని ఒక ముస్లిం స్త్రీ చికిత్సకురాలిపై జాయిస్ ఫ్లూకిగర్ 2006లో ప్రచురించిన అధ్యయనం ఇటువంటి పరిచర్యను లోతుగా పరిశీలించింది. ఆమె వద్దకు హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కూడా వచ్చేవారు.

దవా, దువా

ఆధునిక వైద్యం వేరే దారిలో ఎదిగింది. 1956లో కర్నూలు వైద్య కళాశాల, 2006లో కడప రిమ్స్ ఏర్పడ్డాయి. దర్గా, ఆసుపత్రి ఎవరి దారి వారిదిగా నడిచినప్పుడు కలిగే ప్రమాదాన్ని తమిళనాడులోని ఏర్వాడి చూపింది. 2001 ఆగస్టు 6న అక్కడి దర్గా సమీపంలోని ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగి, గొలుసులతో బంధించి ఉన్న 28 మంది మానసిక రోగులు మరణించారు. రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో ముజావర్లు, మనోవైద్యులు కలిసి పనిచేసే ‘దవా-దువా’ కార్యక్రమం మరో మార్గాన్ని చూపింది. ముజావర్‌ను తొలగించకుండానే రోగికి మందు అందేలా చేయడం దాని విశిష్టత.

ధర్మసందేహం, భాష

ఆసుపత్రిలో ముస్లిం రోగికి కలిగే సందేహాలు చాలా నిర్దిష్టమైనవి. మధుమేహ రోగి రంజాన్ ఉపవాసం ఉండాలా? నీళ్లు తగలకూడని గాయమున్నవారు వజూ ఎలా చేయాలి? లేవలేనివారికి నమాజు ఎట్లా? రోగికి ఉపవాసం నుంచి మినహాయింపును ఖురానే ఇచ్చింది. నీటికి బదులు తయమ్ముమ్, పడుకొని సైగలతో నమాజు చేయడం ధర్మసమ్మతాలు. ఈ సంగతి తెలియక మందు మానేసిన రోగికి వైద్యుడి సలహా ఒక్కటే చాలకపోవచ్చు. ధర్మం తెలిసినవారి మాట కూడా తోడు కావాలి.

ఆ మాట ఏ భాషలో చెప్పాలన్నది మరో ప్రశ్న. రాయలసీమలో దూదేకుల ముస్లింల ఇంటి భాష తెలుగు. ధార్మిక బోధ మాత్రం ఎక్కువగా ఉర్దూలో సాగుతుంది. అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు ఖురానును తొలిసారి తెలుగులోకి అనువదించారు. గ్రంథం తెలుగులోకి వచ్చినా, మంచం పక్కన తెలుగులో ఓదార్చే ధార్మిక సేవకుడికి వ్యవస్థలో స్థానం ఏర్పడలేదు.

కోవిడ్ బయటపెట్టిన లోటు

రోగిని పరామర్శించడం, చివరి క్షణాల్లో కలిమా వినిపించడం, యాసీన్ సూరా చదవడం, గుస్ల్, జనాజా - ఇవన్నీ బంధువులు, మసీదు పెద్దలు పంచుకునే పనులు. 2020లో ఈ ఏర్పాటు ఒక్కసారిగా స్తంభించింది. ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా రాష్ట్రంలో అత్యధిక కేసులున్న జిల్లాల్లో ఒకటి. ‘రెండు రూపాయల డాక్టర్’గా పేరొందిన ఇస్మాయిల్ హుస్సేన్ ఆ నెల 14న కన్నుమూశారు. తరతరాల రోగులకు అండగా నిలిచిన వైద్యుణ్ణి సాగనంపడానికి కూడా లాక్‌డౌన్‌లో జనం రాలేకపోయారు. ఐసోలేషన్ వార్డు తలుపు మూసుకున్నప్పుడు లోపలికి వెళ్లగలిగినవారు సిబ్బంది మాత్రమే. ఆ సిబ్బందిలో కలిమా వినిపించే బాధ్యత గల మనిషి లేడు.

ముగింపు

కర్నూలు, కడప ప్రాంతాల్లో ముస్లిం రోగికి సాంత్వన దర్గా నుంచి, ధర్మనిర్ణయం మసీదు నుంచి, మందు ఆసుపత్రి నుంచి, సేవ కుటుంబం నుంచి లభించాయి. ఈ నాలుగూ ఒకచోట కలిసే బాధ్యతాస్థానం మాత్రం ఆధునిక ఆసుపత్రిలో ఏర్పడలేదు. కుటుంబం తోడున్నంతకాలం ఆ లోటు కనిపించలేదు. కుటుంబాన్ని గుమ్మం బయట నిలిపివేసిన రోజున అది బయటపడింది. తెలుగు తెలిసి, రోగధర్మం ఎరిగి, వైద్యుడి మాటను గౌరవించే ధార్మిక సేవకులకు, వారిలో స్త్రీలకు కూడా, శిక్షణనివ్వడం ఈ ప్రాంతానికి పరాయి పద్ధతి కాబోదు. దారుష్షిఫా చెంత మసీదును నిలిపిన ఆలోచనకు అది నేటి కొనసాగింపు అవుతుంది.