నీళ్ళు, దీపం, మంచుగడ్డ: అమెరికా ఇంటి కథ

అమెరికా అనగానే ఆకాశాన్నంటే మేడలూ, బారులు తీరిన మోటారు కార్లూ, మీట నొక్కితే చాలు సమస్తమూ జరిగిపోయే ఇళ్ళూ మన కళ్ళకు కడతాయి. ఆ దేశం మొదటినుంచీ అట్లాగే ఉన్నదని మనలో చాలామంది అభిప్రాయం. 1940లో అమెరికా ప్రభుత్వం జనాభా లెక్కలతోబాటు మొట్టమొదటిసారిగా ఇళ్ళ లెక్క కూడా తీసింది. వేడినీళ్ళు, చన్నీళ్ళు వచ్చే కుళాయిలు, స్నానానికి తొట్టి గాని జల్లు గాని, నీళ్ళతో కడుక్కుపోయే మరుగుదొడ్డి, ఇవన్నీ ఇంట్లోనే ఉన్నవా అని అడిగారు. నూటికి 45 ఇళ్ళలో వీటిలో ఏదో ఒకటి లేదు. చాలా ఇళ్ళలో ఏదీ లేదు. 1950 నాటికి కూడ ఇటువంటి ఇళ్ళు మూడింట ఒక వంతు మిగిలే ఉన్నవి. అంటే ఈనాడు అమెరికాలో ఎనభై, తొంభై ఏళ్ళ వృద్ధులలో అనేకులు చిన్నతనంలో నూతినీళ్ళు మోసినవారే.

ఆ మోత ఎంతటిదో చూద్దాం. టెక్సాసు రాష్ట్రంలో, నేడు మన తెలుగువారు వేలకొద్దీ ఉద్యోగాలు చేసుకొంటున్న ఆస్టిన్ నగరానికి పడమట, హిల్ కంట్రీ అనే మెట్టసీమ ఉన్నది. రాతినేల, వానలు నమ్మకం లేనివి, నూతులు లోతు. 1930 తరువాత కూడ అక్కడి రైతుల ఇళ్ళకు విద్యుచ్ఛక్తి లేదు. విద్యుత్తు లేకపోతే దీపం ఉండదు, అంతేగదా అనిపిస్తుంది. అసలు చిక్కు దీపంతో కాదు, నీళ్ళతో. నీరు పైకి రావాలంటే పంపు తిరగాలి; పంపు తిరగాలంటే మోటారు కావాలి. అది లేదు గనుక చేదుకోవాలి. అమెరికా వ్యవసాయశాఖవారు దీనికి ఒక లెక్క కట్టారు. ఐదుగురున్న పల్లె సంసారానికి రోజుకు 200 గాలన్ల నీళ్ళు ఖర్చు. ఏడాదికి 73,000 గాలన్లు. బరువు చూస్తే ఇంచుమించు 300 టన్నులు. నుయ్యి ఇంటికి సగటున 253 అడుగుల దూరం. ఈ నీళ్ళన్నీ చేతితో తోడి, మోసుకొని రావటానికి రోజుకు 8 గంటల చొప్పున ఏటా 63 రోజులు పడుతుంది. నడక 1,750 మైళ్ళు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి కాలినడకన పోయి, తిరుగుదారిలో మూడువంతులు వచ్చినంత! పగలంతా మగవారు పొలంలో ఉంటారు గనుక ఈ నడక ఎక్కువగా ఆడవారిది, పిల్లలది.

సోమవారం బట్టల ఉతుకు, మంగళవారం ఇస్త్రీ. ఇది దేశమంతటా ఉన్న వాడుక. ఉతుకు రోజున ఆరుబయట కట్టెల పొయ్యిమీద ఇనుప కాగులో నీళ్ళు మరిగించి, ఇంట్లోనే కొవ్వు, క్షారం కలిపి కాచుకొన్న సబ్బుతో బట్టలు ఉడకబెట్టి, కర్రతో కలియబెట్టి, తొట్టి తరువాత తొట్టిలో జాడించి పిండాలి. మరునాటి ఇస్త్రీపెట్టె మన బొగ్గుల పెట్టె వంటిది కాదు. అది ఆరేడు పౌన్ల ముతక ఇనుపదిమ్మ. లోపల నిప్పు ఉండదు. పొయ్యిమీద కాల్చి తీసుకోవాలి. రెండు చొక్కాలు కాకముందే చల్లారిపోతుంది. అందుకని ఒకటి చేతిలో ఉండగా మిగిలినవి పొయ్యిమీద. ఎంత మండు వేసవి అయినా వంటింట్లో పొయ్యి ఆరటానికి వీలు లేదు. దాని పేరు శాడ్ ఐరన్. పాత ఇంగ్లీషులో శాడ్ అంటే బరువైనది అని అర్థం. ఇస్త్రీ చేసే ఇల్లాండ్రు ఆ మాటను నేటి అర్థంలో, దుఃఖపు దిమ్మ అనే తలచుకొని ఉంటే వారిని తప్పు పట్టలేము.

ఇంతకూ ఎడిసన్ న్యూయార్కులోని పెర్ల్ వీధిలో విద్యుత్కేంద్రాన్ని నడపటం మొదలుపెట్టింది 1882 సెప్టెంబరు 4న. యాభై ఏళ్ళు గడచినా పల్లెకు దీపం రాకపోవటానికి కారణం శాస్త్రం కాదు, లెక్కల పుస్తకం. పట్నంలో ఒక మైలు తీగ లాగితే వందలాది ఇళ్ళు తగులుతవి. పల్లెలో మూడో, నాలుగో. కంపెనీలకు అది గిట్టుబాటు కాదు. 1935 ప్రాంతంలో పట్నాలలో పదిళ్ళకు తొమ్మిదింట విద్యుద్దీపాలుంటే, రైతుల ఇళ్ళలో పదింట ఒకటికి మాత్రమే ఉండేవి. ఆ సంవత్సరం మే 11న అధ్యక్షుడు రూజ్వెల్టు గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పాడు. మరుసటి ఏడు చట్టం వచ్చింది. తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పు ఇస్తామన్నా కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు. రైతులే సహకార సంఘాలుగా ఏర్పడి ఆ అప్పు తీసుకొన్నారు. ఇంజనీర్లు లైను నిర్మాణాన్ని తేలిక చేశారు. అడ్డుకర్రలు లేని స్తంభాలు నాటారు. ఉక్కు పోగు కలిపిన గట్టి తీగ వాడి, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం పెంచారు. మైలుకు అయ్యే ఖర్చు సుమారు సగానికి దిగింది. తొలిరోజులలో చాలాచోట్ల సభ్యులే తమ మీటరు తామే చూసుకొని అంకె వ్రాసి పంపేవారు. ఆ విధంగా మనుషుల ఖర్చు కూడ తగ్గింది. హిల్ కంట్రీలో పెడర్నాలెస్ సహకార సంఘం 1938లో ఏర్పడింది. దానికోసం పట్టుపట్టి తిరిగిన యువ పార్లమెంటు సభ్యుడు లిండన్ జాన్సన్, తరువాత కాలంలో దేశాధ్యక్షుడైనవాడు. మరుసటి ఏడు అక్కడ దీపాలు వెలిగాయి. 1950 తరువాత కొద్ది సంవత్సరాలకే దేశంలో పది రైతుల ఇళ్ళలో తొమ్మిదింటికి విద్యుత్తు అందింది.

ఈ పద్ధతి మన దగ్గరకూ వచ్చింది. అమెరికా సహకార సంఘాల సలహాతో మన దేశంలో ప్రయోగంగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో సిరిసిల్ల సంఘం ఒకటి. 1970లో పని ప్రారంభించిన ఆ సంఘం అక్కడి పల్లెలకూ, మరమగ్గాలకూ విద్యుత్తు అందించింది.

మంచుగడ్డ సంగతి కూడ మనకు కొంత సంబంధించినదే. 1833 మే 12న బోస్టన్ రేవు నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుగడ్డలతో బయలుదేరి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరింది. కరిగినది కరగగా సుమారు 100 టన్నులు మిగిలింది. పంపినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్. శీతకాలంలో గడ్డకట్టిన చెరువులను రంపంతో కోసి, దిమ్మలను ఒకదానికొకటి ఆనించి పేర్చి, చుట్టూ రంపపు పొట్టు వంటిది దట్టించటమే అతని విద్య. దిమ్మలు ఆనుకొని ఉంటే గాలి తగిలే ముఖం తగ్గుతుంది. పొట్టులో చిక్కుకొన్న గాలి వేడిని లోనికి పోనివ్వదు. మద్రాసు సముద్రతీరాన ఈ మంచు నిలవకోసం 1842లో కట్టిన భవనం నేటికీ ఉన్నది. 1897లో వివేకానందస్వామి అక్కడ బస చేయటంవల్ల దానికి ఆయన పేరు వచ్చింది.

అమెరికాలో ఈ మంచు ఇంటింటికీ బండిమీద వచ్చేది. 25, 50, 75, 100 అని అంకెలు వేసిన అట్టను ఇల్లాలు కిటికీలో తగిలిస్తే, పై అంచున ఉన్న అంకెను చూసి అన్ని పౌన్ల దిమ్మ పట్టుకారుతో మోసుకువచ్చి చెక్కపెట్టెలో పెట్టేవాడు. అడుగున పళ్ళెంలోకి కారిన నీళ్ళు రోజూ పారబోయాలి. మరచిపోతే వంటింట్లో చెరువే. 1927 నుంచి జనరల్ ఎలెక్ట్రిక్ వారి యంత్రపు పెట్టెలు విరివిగా అమ్ముడు కావటంతో మంచుబండి వెనుకబడింది. మొదటి పెట్టెలలో గంధకపు వాయువు వంటి విషవాయువులు వాడేవారు. అవి కారి కొందరు మరణించారు. అందుకు మారుగా 1930లో థామస్ మిడ్జ్లీ, మండనిదీ విషం కానిదీ అయిన ఫ్రియాన్ వాయువును ప్రకటించాడు. దానివంటి వాయువులు పైకి పోయి ఓజోన్ పొరను తింటాయని మొలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు 1974లో చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒడంబడికతో వాటిని విడిచిపెట్టే పని మొదలైంది. వంటింటికి క్షేమమని ఎన్నుకొన్న వాయువు ఆకాశానికి క్షేమం కాకపోయింది.

నీటిలో వచ్చిన మరొక మార్పు కంటికి కనబడనిది. 1908లో జెర్సీ సిటీ నగరం తన మంచినీటిలో నిత్యమూ క్లోరిన్ కలపటం మొదలుపెట్టింది. ఇతర నగరాలు త్వరలోనే అనుసరించాయి. టైఫాయిడ్ మరణాలు దిగిపోయాయి. 1900లో పుట్టిన అమెరికా శిశువు సగటు ఆయుర్దాయం 47 ఏళ్ళు, 2000లో 77. మందులు, టీకాలు తరువాత చాలా చేశాయి గాని, తొలి దశలో శుభ్రమైన నీరు కూడ తన వంతు పని చేసింది.

నీళ్ళు మోయనక్కరలేదు, కట్టెలు కొట్టనక్కరలేదు. మరి ఆ మిగిలిన కాలం ఏమైంది? జోన్ వానెక్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 1974లో ప్రకటించిన లెక్క చిత్రమైనది. బయట ఉద్యోగం లేని గృహిణి 1924లో వారానికి 52 గంటలు ఇంటిపని చేస్తే, 1960 తరువాత యంత్రాలన్నీ ఉన్న ఇంట్లో 55 గంటలు చేస్తున్నది! చరిత్రకారిణి రూత్ కోవన్ దీనికి చెప్పిన సమాధానం నాకు సబబుగా తోస్తుంది. యంత్రాలు ముందుగా తీసివేసినది మగవారి పని, పిల్లల పని: కట్టెలు, నీళ్ళు, తివాచీలు దులపటం. ఉతుకు యంత్రం వచ్చాక చొక్కా రోజూ మారింది. ఇదివరకు మంచుబండివాడు, అంగడివాడు సరుకు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. కారు వచ్చాక ఇల్లాలే అంగడికి పోయి తెస్తున్నది. ఇదివరకు చాకలిపని ఇంకొకరిది. దక్షిణ రాష్ట్రాలలో అది చాలావరకు నల్లజాతి స్త్రీలదే. 1881లో అట్లాంటాలో ఈ చాకలి స్త్రీలు మంచి కూలి కావాలని సమ్మె చేశారు కూడ. యంత్రం ఆ పనిని తిరిగి ఇల్లాలి చేతికి తెచ్చింది. స్త్రీలు పెద్ద ఎత్తున ఉద్యోగాలకు పోవటం మొదలైన తరువాతనే ఇంటిపని గంటలు నిజంగా తగ్గాయి. మగవారి గంటలు కొంత పెరిగాయి.

అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో విస్తరించిన నవహో జాతివారి సీమలో మాత్రం కుళాయి ఇంకా పూర్తిగా చేరలేదు. అక్కడ దాదాపు మూడోవంతు ఇళ్ళకు నీటి గొట్టాలు లేవు. మనుషులు ట్రక్కులలో పీపాలు వేసుకొని మైళ్ళు ప్రయాణం చేసి నీళ్ళు తెచ్చుకొంటారు. 1868 నాటి ఒడంబడిక ప్రకారం తమకు నీరు సమకూర్చే చర్యలు ప్రభుత్వం తీసుకోవాలని వారు న్యాయస్థానానికి వెళ్ళారు. 2023 జూన్ 22న సుప్రీంకోర్టు, ఐదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా, ఆ ఒడంబడికలో అటువంటి బాధ్యత లేదని తీర్పు చెప్పింది.