షాహీన్ వేరు, ఉఖాబ్ వేరు.. హైటెక్ సిటీ మీద తిరిగేది వేరు!

మాదాపూర్ సైబర్ టవర్స్ మీదుగా గుండ్రంగా తిరిగే పెద్ద పక్షిని చూపించి పిల్లలకు ‘అదిగో షాహీన్’ అని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నిజానికి అది షాహీన్ కాదు, ఉఖాబ్ కూడా కాదు. అది చీల్, తెలుగులో నల్ల గద్ద. పారేసిన మాంసం ముక్కలు, చెత్తకుప్పల దగ్గరి ఎలుకలు తిని బతికేస్తుంది. అందుకే నగరం ఎంత పెరిగినా దానికి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా అసలు ఉఖాబ్‌కే.

ఎలా గుర్తుపట్టాలి?

తెలుగులో చీల్‌నీ, ఉఖాబ్‌నీ కలిపి ‘గద్ద’ అనేస్తాం కాబట్టి గందరగోళం. చీల్ తోక చివర మధ్యలో నొక్కు ఉంటుంది. ఉఖాబ్ తోకకు ఆ నొక్కు ఉండదు, రెక్కలు వెడల్పు, శరీరం బరువు. షాహీన్ అసలు గద్దే కాదు, డేగ జాతి. సైజులో చిన్నది, రెక్కలు కోసుగా ఉంటాయి. వేట మీదికి దూకేటప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. చచ్చిన జంతువుల్ని తినే గిధ్‌ను తెలుగులో రాబందు అంటారు.

ఎక్కడ ఉంటాయి?

దక్కన్ రాతి గుట్టల్లో కనిపించే పెద్ద ఉఖాబ్ బొనెల్లీ గద్ద. రెక్కలు చాపితే 1.8 మీటర్ల దాకా ఉంటుంది. కొండ అంచుల్లో, పెద్ద చెట్ల మీద గూడు కట్టి కౌజులు, కుందేళ్లను వేటాడుతుంది. మామూలుగా ఏడాదికి ఒకటి రెండు గుడ్లే పెడుతుంది. ఒక్క గూడు పోయినా మళ్లీ సంఖ్య పెరగడానికి ఏళ్లు పడుతుంది. పాముల గద్దకు పొదలున్న బయలు భూములు కావాలి. రెక్కలు 2 మీటర్ల దాకా ఉండే స్టెప్పీ గద్ద చలికాలంలో కజకిస్థాన్, మంగోలియా గడ్డిభూముల నుంచి భారత్‌కు వస్తుంది. 2015 నుంచి అది అంతరించే ప్రమాదమున్న పక్షుల జాబితాలో ఉంది.

హైదరాబాద్ గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఐటీ కారిడార్‌లో ఎన్నో గుట్టలు పేలుళ్లకు పోయాయి. బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉన్న ఖాజాగూడ గుట్టలు మిగిలిన కొన్నింటిలో ఒకటి. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలుపెడితే, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది.

జెండాల మీద ఉన్నదేది?

ప్రవక్త ముహమ్మద్ (స) నల్ల జెండా పేరు ‘అల్ ఉఖాబ్’ అని ఇస్లామీ చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఈజిప్టు, ఇరాక్, పాలస్తీనా చిహ్నాల్లో ఉన్నది సలాహుద్దీన్ పేరుతో పిలిచే ఉఖాబ్. కజకిస్థాన్ 1992లో తన జెండా మీద సూర్యుడి కింద స్టెప్పీ గద్దను పెట్టుకుంది. ముస్లింలు అత్యధికంగా ఉన్న ఇండోనేసియా 1950 నుంచి గరుడను జాతీయ చిహ్నంగా వాడుతోంది. ఆ గరుడ ఒక్కో రెక్కకు 17, తోకకు 8, మెడకు 45 ఈకలు ఉంటాయి. అవి స్వాతంత్ర్య ప్రకటన తేదీ 17-8-1945కు గుర్తు. దుబాయ్ వెళ్లే మనవాళ్ల వీసా కాగితాల మీద, యూఏఈ ముద్రలో కనిపించేది మాత్రం డేగ.

1910లో హైదరాబాద్ వచ్చి కుతుబ్ షాహీ సమాధులు చూసిన అల్లామా ఇక్బాల్, ‘బాల్-ఎ-జిబ్రీల్’ (1935)లో ‘షాహీన్’ పేరుతో కవిత రాశారు. అందులో షాహీన్ గూడు కట్టుకోదు. నిజంలోనూ అంతే, రాతి అంచు మీదే గుడ్లు పెడుతుంది. అంటే దానికీ గుట్టలే దిక్కు.

ఇవి గుర్తుంచుకోండి

వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఉఖాబ్, షాహీన్‌లను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. జైలు శిక్ష పడుతుంది. గాయపడిన పక్షి దొరికితే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నీళ్లు నోట్లో పోయకుండా, అటవీ శాఖకు అప్పగించాలి. పక్షుల రెక్కలు కోసే చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. సంక్రాంతికి పిల్లలు అడిగినా కొనివ్వొద్దు.